బిగించినా ఆగని చెమ్మ: డిఫరెన్షియల్ ప్లగ్గులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డిఫరెన్షియల్ (ఇంజిన్ పవర్‌ని రెండు పక్కల చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఆయిల్ మార్చాక, ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్గు దగ్గరో, పోసే ఫిల్లర్ ప్లగ్గు దగ్గరో లీకు మొదలైందంటూ వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేశాం.

ప్రశ్న: మాది వెనక చక్రాలకు పవర్ వెళ్లే కారు. డిఫరెన్షియల్ ఆయిల్ మార్చి, డ్రెయిన్ ప్లగ్గుకు టెఫ్లాన్ టేపు చుట్టి, ఉన్న అల్యూమినియం వాషరే మళ్లీ వేసి గట్టిగా బిగించాను. రెండు రోజులకే ప్లగ్గు కింద బొట్టు వేలాడుతోంది. ఇంకాస్త బిగించమంటారా?

జవాబు: వద్దండి. ముందు ఆ ప్లగ్గు ఆయిల్‌ని ఎక్కడ ఆపుతోందో తెలుసుకోండి. ఈ ప్లగ్గులు రెండు రకాలు. పారలల్ థ్రెడ్డు (మర) ఉన్నదానికి మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా లావు ఒకటే. తల కింద చదునైన అంచు ఉంటుంది, ఆ అంచుకీ హౌసింగ్‌కీ (గేర్లను మూసి ఉంచే పెట్టెకీ) మధ్య వాషర్ కూర్చుంటుంది. అక్కడ ఆయిల్‌ని ఆపేది వాషరే. థ్రెడ్డు చేసేదల్లా ఆ వాషర్‌ని నొక్కిపట్టడం. రెండోది టేపర్ థ్రెడ్డు. కొస దగ్గర సన్నగా, తల వైపు పోయేకొద్దీ లావుగా ఉంటుంది, వాషర్ ఉండదు. అది థ్రెడ్డులోనే బిగుసుకుని ఆయిల్‌ని ఆపుతుంది.

మీ ప్లగ్గుకు కంపెనీ వాషర్ ఇచ్చిందంటే అది పారలల్. దాని థ్రెడ్డుకు ఎంత టేపు చుట్టినా వాషర్ కింద ఉన్న గీత పూడదు. పైగా రెండు నష్టాలు. టేపు పోగొకటి తల కిందికి జారితే వాషర్ సమంగా కూర్చోదు. రెండోది పెద్దది. మామూలుగా మనం రెంచి మీద పెట్టే బలంలో దాదాపు సగం తల కింద రాపిడికీ, మరో 40 శాతం థ్రెడ్ల రాపిడికీ పోతుంది. ప్లగ్గును నిజంగా లాగిపట్టడానికి మిగిలేది 10 శాతమే. థ్రెడ్డుకు టేపు చుట్టారంటే అక్కడి రాపిడి తగ్గిపోతుంది, అదే బలానికి ప్లగ్గును లాగే బలం పెరిగిపోతుంది. టార్క్ రెంచి (పెట్టుకున్న బిగింపు బలం రాగానే క్లిక్కుమనేది) పాత అంకె దగ్గరే క్లిక్కుమంటుంది గానీ అల్యూమినియం హౌసింగ్‌లో థ్రెడ్లు అప్పటికే సాగిపోయి ఉంటాయి.

పాత వాషర్ సంగతి. దాన్ని వెలుగులో పెట్టి చూడండి. ప్లగ్గు అంచు నొక్కిన చోట మెరిసే వలయం కనిపిస్తుంది. ఆ వలయం ఎక్కడా తెగకుండా, ఒకే వెడల్పున ఉంటే వాషర్ బాగా కూర్చున్నట్టు. ఒక పక్క వెడల్పుగా, ఇంకో పక్క దారమంత సన్నగా ఉంటే ప్లగ్గు వంకరగా కూర్చుంది. వలయాన్ని అడ్డంగా కోస్తూ సన్నటి గీత కనిపిస్తే ఆయిల్ వచ్చే దారి అదే. ఒకసారి నలిగిన అల్యూమినియం గట్టిపడుతుంది, కొత్త గీతల్లోకి ఒదగదు. అందుకే ప్లగ్గు విప్పిన ప్రతిసారీ కొత్త వాషర్ వేయాలి.

ఆయిల్ మళ్లీ దించాల్సి వస్తుంది కాబట్టి శుభ్రమైన ట్రేలోకి పట్టండి, మార్చి రెండు రోజులే కదా, తిరిగి పోసుకోవచ్చు. ప్లగ్గు థ్రెడ్లలోని టేపు ముక్కలన్నీ వైరు బ్రష్షుతో తీసేయండి. హౌసింగ్ వైపు థ్రెడ్లలోనివి ప్లాస్టిక్ బ్రష్షుతో బయటికి లాగండి, లోపలికి నెట్టకండి. హౌసింగ్ మీద వాషర్ కూర్చునే చోటిని గోటితో గీకి చూడండి. గోరు తగులుకునేంత గీత ఉంటే 400 నంబరు ఎమెరీ పేపరును చదునైన చెక్క ముక్కకు చుట్టి, గుండ్రంగా తిప్పుతూ తేలిగ్గా రుద్దండి. కన్నంలో గుడ్డ కుక్కడం మరచిపోవద్దు, ఎమెరీ పొడి లోపల పడితే బేరింగులు అరుగుతాయి. రుద్దాక ఆ అంచుకు మార్కర్ ఇంకు పూసి, వాషర్ లేకుండా ప్లగ్గును చేత్తో బిగించి విప్పితే, ఇంకు ఎక్కడ చెరిగిందో ఎక్కడ చెరగలేదో కనిపిస్తుంది. చుట్టూ చెరిగితే పని అయినట్టే.

ఇక కొత్త వాషర్ వేసి, పొడి థ్రెడ్డుతో, మాన్యువల్‌లో రాసిన టార్క్‌కు బిగించండి. 18 నుంచి 24 మి.మీ. థ్రెడ్డు ఉన్న ప్లగ్గులకు చాలా మాన్యువళ్లలో ఇది 40 నుంచి 60 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండిది చూసుకుని అదే వాడండి. వీల్ నట్లకు పెట్టేంత బలం మాత్రం ఇక్కడ ఎప్పుడూ అక్కర్లేదు.

ప్రశ్న: ప్లగ్గు చేతిలో ఉంది, మాన్యువల్ లేదు. టేపరో పారలలో తేల్చుకునేదెలా?

జవాబు: చేత్తో తిప్పి చూడండి. పారలల్ అయితే శుభ్రమైన కన్నంలో తల ఆనేదాకా వేళ్లతోనే పోతుంది. టేపర్ అయితే నాలుగైదు చుట్లకు బిగుసుకుపోయి, ఇంకా కొన్ని థ్రెడ్లు బయటే ఉండిపోతాయి. అనుమానం తీరకపోతే వెర్నియర్ పెట్టి మొదటి థ్రెడ్డు మీదా, చివరి థ్రెడ్డు మీదా లావు కొలవండి. ఎన్‌పీటీ, బీఎస్‌పీటీ అనే రెండు టేపర్ రకాలకూ వాలు 1:16. అంటే 16 మి.మీ. పొడవుకు 1 మి.మీ. లావు తేడా. ప్లగ్గు మీద ఇది వెర్నియర్‌కు స్పష్టంగా దొరుకుతుంది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో ఎన్‌పీటీకీ బీఎస్‌పీటీకీ అంగుళానికి 14 థ్రెడ్లే. కాబట్టి ఒకదాని కన్నంలో ఇంకోటి హాయిగా ఎక్కుతుంది. కానీ ఎన్‌పీటీ థ్రెడ్డు కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీటీది 55. అర అంగుళం ఎన్‌పీటీ ప్లగ్గు లావు 21.3 మి.మీ. ఉంటే బీఎస్‌పీ 20.96 మి.మీ. ఎక్కింది కదా అని బిగిస్తే థ్రెడ్డు పక్కలు పూర్తిగా ఆనుకోవు, ఏ సీలెంట్ పూసినా కొన్నాళ్లకు చెమ్మ వస్తుంది. పోయిన ప్లగ్గుకు బదులు ఏదో ఒకటి తెచ్చి వేసినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. థ్రెడ్ గేజి పెట్టి కోణం చూశాకే కొత్తది వేయండి.

ప్రశ్న: పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. డిఫరెన్షియల్ ప్లగ్గులకు వాషర్ లేదు, తలలో నలుచదరపు గుంట ఉంది. టేపు చుట్టాలా, పేస్టు రాయాలా, సిలికాన్ పెట్టాలా? తలా ఒకటి చెబుతున్నారు.

జవాబు: మీరు చెప్పినది టేపర్ ప్లగ్గులాగే ఉంది, పై జవాబులో చెప్పినట్టు ఒకసారి కొలిచి ఖాయం చేసుకోండి. టేపర్ అయితే సీలెంట్ తప్పదు. మామూలు టేపర్ థ్రెడ్డు ఎంత బిగించినా, థ్రెడ్డు శిఖరానికీ ఎదుటి గాడికీ మధ్య మెలి తిరిగిన సన్నటి సందు మిగులుతుంది. గేర్ ఆయిల్ ఆ మెలి వెంబడే తీరిగ్గా నడిచి బయటికొస్తుంది. సీలెంట్ పని ఆ సందును పూడ్చడం.

మా ఓటు ఆనరోబిక్ థ్రెడ్ సీలెంట్‌కు. గాలి తగలకుండా లోహాల మధ్య ఇరుక్కున్నప్పుడే గట్టిపడే రకం ఇది. లాక్‌టైట్ 577, 567 లాంటివి ఈ కోవలోవి. బయటికి పొంగినది గట్టిపడదు, గుడ్డతో తుడిస్తే పోతుంది. లోపలికి పొంగిన కాస్తా గట్టి ముక్కలు కట్టకుండా ఆయిల్‌లో కలిసిపోతుంది. సిలికాన్‌తో పేచీ సరిగ్గా ఇక్కడే. ఆర్‌టీవీ సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. థ్రెడ్డు లోతున ఉన్నది పచ్చిగానే ఉండిపోతుంది, లోపలి అంచున పొంగినది రబ్బరు పురుగులా తయారై ఎప్పుడో ఊడి ఆయిల్‌లో తిరుగుతుంది. డిఫరెన్షియల్ కవర్ అతికించడానికి సిలికాన్ మంచిదే. థ్రెడ్డుకు మాత్రం వద్దు.

టేపు పనికిరాదని అనం. కానీ అది కుళాయి పనికి సుళువైన సరుకు. గేర్‌బాక్సులు, డిఫరెన్షియళ్ల దగ్గర దాని పోగులు లోపలికి తెగిపడటమే భయం. తప్పక టేపే వాడాల్సి వస్తే ప్లగ్గు కొసను మీ వైపు తిప్పుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున రెండు మూడు చుట్లు లాగి చుట్టండి. ఎదురు దిక్కున చుడితే బిగించేటప్పుడు ముద్దకట్టి బయటికొస్తుంది. కొసన మొదటి థ్రెడ్డును, వీలైతే రెండోదాన్ని కూడా ఖాళీగా వదలండి. లోపలికి తెగిపడేది అక్కడి టేపే.

ఆనరోబిక్ వాడేటప్పుడు శుభ్రత దగ్గర రాజీ పడకండి. డ్రెయిన్ కన్నం ఎప్పటికీ పూర్తిగా ఆరదు, క్రౌన్ వీల్ (లోపలి పెద్ద గేరు) పళ్ల మీది ఆయిల్ గంటల తరబడి జారుతూనే ఉంటుంది. ధార ఆగి, చుక్కకూ చుక్కకూ మధ్య అర నిమిషం పట్టేదాకా ఆగండి. బ్రేక్ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డను కన్నంలో మెలితిప్పి తుడవండి. క్లీనర్‌ను నేరుగా హౌసింగ్‌లోకి కొట్టవద్దు, అది లోపలి బేరింగుల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. ప్లగ్గును ముందే కడిగి, ఆరబెట్టి, కొసన ఒక థ్రెడ్డు వదిలి ఆ తర్వాతి మూడు నాలుగు థ్రెడ్ల చుట్టూ గాడి నిండేలా సీలెంట్ పూసి పక్కన ఉంచుకోండి. తుడిచిన వెంటనే, తర్వాతి చుక్క దిగేలోపే ఎక్కించండి.

ఎంత బిగించాలన్నది ఇక్కడ టార్క్ అంకె కన్నా చుట్లతో చెప్పడమే నయం. చేత్తో బిగిసే దాకా తిప్పి, ఆపైన ఇనుప హౌసింగ్‌కు రెండు చుట్లు, మహా అయితే మూడు. అల్యూమినియం హౌసింగ్‌కు ఒకటిన్నర దగ్గర ఆగిపోండి. ప్లగ్గు తల హౌసింగ్‌తో సమానం అయ్యేదాకా బిగించాలని కొందరు పట్టుబడతారు. టేపర్ ప్లగ్గు మేకులాంటిది, ఎంత దిగితే అంత చుట్టూ చీలుస్తుంది. కన్నం అంచు నుంచి వెంట్రుకంత పగులు పాకిందంటే ఆ హౌసింగ్ మార్చాల్సిందే. ప్లగ్గు తల పావు అంగుళం బయటికి ఉంటే ఉండనివ్వండి.

ఇంకో మాట. బిగించాక గుంట వంకరగా ఉందనో, గుర్తు కుదరలేదనో వెనక్కి తిప్పకండి. సీలెంట్ పొర తెగుతుంది. తిప్పితే పూర్తిగా విప్పి, తుడిచి, మళ్లీ పూయాలి. డిఫరెన్షియల్‌లో ప్రెషర్ ఉండదు కాబట్టి గంట ఆగి ఆయిల్ పోసుకోవచ్చు. పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది, చలిలో ఇంకా ఆలస్యం. జింక్ పూత ఉన్న ప్లగ్గులతో, స్టెయిన్‌లెస్ ప్లగ్గులతో ఆనరోబిక్ నెమ్మదిస్తుంది. యాక్టివేటర్ స్ప్రే దొరికితే ముందుగా కొట్టండి, లేదంటే ఒక రాత్రి బండి కదపకండి.

కొనేటప్పుడు థ్రెడ్ సీలెంట్‌కు బదులు ఎర్ర రంగు థ్రెడ్ లాకర్ తెచ్చుకోకుండా చూసుకోండి. రెండూ ఆనరోబిక్కే గానీ, ఆ లాకర్ ఒకసారి పట్టిందంటే దాదాపు 250 డిగ్రీల వేడి పెడితే తప్ప వదలదు. వచ్చేసారి ఆయిల్ మార్చేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

ప్రశ్న: రాగి వాషర్‌ని కాల్చి మళ్లీ వాడొచ్చంటారు. నిజమేనా? అల్యూమినియం వాషర్‌ని కూడా అలాగే చేయొచ్చా?

జవాబు: రాగికి నిజమే. నలిగి గట్టిపడిన రాగిని మసక ఎరుపు రంగు వచ్చేదాకా వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుంది. నీళ్లలో ముంచినా, గాలికి వదిలినా ఒకటే, ఉక్కులా నీళ్లలో ముంచితే గట్టిపడే గుణం రాగికి లేదు. నీళ్లలో ముంచితే పైనున్న నల్లటి పొర ఊడివస్తుంది, లాభం అంతే. తర్వాత ఎమెరీ మీద రెండు వైపులా రుద్ది చదును చేయండి. లోతైన గాడి పడిన వాషర్ అయితే కాల్చే శ్రమ దండగ.

అల్యూమినియంతో ఆ ప్రయోగం వద్దు. కరిగే ముందు అది రంగు మారదు, చూస్తుండగానే కుప్పకూలుతుంది. కొత్తది వేయండి. అల్యూమినియం హౌసింగ్ మీద రాగి కన్నా అల్యూమినియం వాషరే మేలు. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటికో బురదకో తడిసినప్పుడు అల్యూమినియం వైపు తినేస్తుంది, వాషర్ కూర్చునే చోట గుంటలు పడతాయి.

లోపలి అంచుకు రబ్బరు అతికించిన ఉక్కు వాషర్లు, బాండెడ్ సీల్ అంటారు, గీతలున్న చోట కూడా చక్కగా ఆపుతాయి. వాటిని థ్రెడ్డు సైజు చూసి కొనాలి, లోపలి రబ్బరు పెదవి థ్రెడ్డును తాకీ తాకనట్టుండాలి. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల చుట్టుపక్కల దాకా నిశ్చింతగా ఉంటుంది. ట్రైలర్ లాగే బండ్లలో ఆయిల్ అంతకన్నా వేడెక్కుతుంది, వాటికి వైటాన్ రబ్బరుది అడగండి.

ప్రశ్న: డ్రెయిన్ ప్లగ్గు ఊడింది, ఆయిలంతా దించేశాను. ఇప్పుడు ఫిల్లర్ ప్లగ్గు కదలట్లేదు. అలెన్ కీ గుంట గుండ్రంగా అరిగిపోయింది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఫిల్లర్, తర్వాతే డ్రెయిన్ అన్న నియమం పుట్టిందే ఇందుకు. సరే, ఇప్పుడు బండిని నడపకుండా అక్కడే ఉంచి, ఈ వరసలో వెళ్లండి.

గుంటలోని బురద, తుప్పు సూదితో గీరి పూర్తిగా తీయండి. కీ సగమే దిగినప్పుడే గుంట అరుగుతుంది. థ్రెడ్డు చుట్టూ పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదలండి. మర్నాడు ప్లగ్గు ముఖం మీద సుత్తితో నిటారుగా నాలుగైదు గట్టి దెబ్బలు వేయండి, తుప్పు పట్టు వదులుతుంది. అల్యూమినియం హౌసింగ్ అయితే దెబ్బలు తేలిగ్గా ఉండాలి. ఆపైన హాట్ ఎయిర్ గన్‌తో ప్లగ్గు చుట్టూ ఉన్న హౌసింగ్‌ని వేడిచేయండి, ప్లగ్గును కాదు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి అల్యూమినియం హౌసింగ్‌లో ఈ ఉపాయం బాగా పారుతుంది. ఇనుప హౌసింగ్‌లో తేడా తక్కువ, అక్కడ వేడెక్కడం చల్లారడం రెండు మూడుసార్లు జరిగితే పట్టు సడలుతుంది. మంట వద్దు. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు పక్కనే ఉంటాయి.

అరిగిన గుంటలోకి ఒక సైజు పెద్ద టార్క్స్ (ఆరు మొనల నక్షత్రం ఆకారపు) బిట్టును సుత్తితో దిగగొట్టి, పొడవు హ్యాండిల్‌తో ముందు బిగించే వైపు ఒక చిన్న ఒత్తిడి, తర్వాత విప్పే వైపు నిలకడగా. అదీ కుదరకపోతే ప్లగ్గు తల మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించండి. నట్టు మధ్య నుంచి వెల్డింగ్ దిగాలి. వెల్డింగ్ వేడికే సగం పని అయిపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీయకుండా వెల్డింగ్ చేయనివ్వకండి.

బండి ఇవాళే నడవక తప్పదంటే బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న మూత) విప్పి ఆ కన్నం గుండా సన్న గొట్టంతో ఆయిల్ పోయొచ్చు. అప్పుడు ఫిల్లర్ కన్నం చూసి లెవెల్ తెలుసుకునే వీలుండదు కనుక మాన్యువల్‌లో ఇచ్చిన కొలత ప్రకారం కొలిచి పోయాలి.

ప్రశ్న: వాషర్లు కొత్తవి, టార్క్ సరిగ్గా పెట్టాను. అయినా డిఫరెన్షియల్ అడుగంతా ఆయిలే.

జవాబు: అడుగున కనిపించే ఆయిలంతా డ్రెయిన్ ప్లగ్గుది కాదు. ముందు నుంచి పినియన్ సీలు, పైనుంచి కవర్ గ్యాస్కెట్, పక్కల నుంచి యాక్సిల్ సీళ్లు, ఏది కారినా బండి నడిచేటప్పటి గాలికి వెనక్కీ కిందికీ పాకి చివరికి డ్రెయిన్ ప్లగ్గు తల దగ్గరే బొట్టు కడుతుంది, ఎందుకంటే అదే అన్నిటికన్నా కింద ఉంది. హౌసింగ్ బయటి వైపు మొత్తం బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లండి. 20, 30 కిలోమీటర్లు తిప్పి చూడండి. తెల్లటి పొడి మీద తడి దారి ఎక్కడ మొదలైందో అక్కడే లీకు. ప్లగ్గు చుట్టూ మాత్రమే తడిసి, పైన పొడిగా ఉంటేనే ప్లగ్గును అనుమానించండి.

అన్ని చోట్లా కొద్దికొద్దిగా చెమ్మ ఉందంటే బ్రీదర్ చూడండి. డిఫరెన్షియల్ పైనో, యాక్సిల్ గొట్టం మీదో ఉండే చిన్న మూతే అది, కొన్నిటికి రబ్బరు గొట్టం తగిలించి పైకి తీసుకెళ్తారు. బురదతో మూసుకుపోతే లోపలి గాలికి దారి ఉండదు. 20 డిగ్రీల దగ్గర మూసుకున్న గాలి 100 డిగ్రీలకు వేడెక్కితే లోపల దాదాపు 0.27 బార్ ప్రెషర్ పుడుతుంది. సీళ్ల పెదవులు ఆయిల్‌ని ఆపడానికే గానీ ప్రెషర్‌ని ఆపడానికి కాదు. బండి కాస్త నడిపి, వేడిగా ఉండగా ఫిల్లర్ ప్లగ్గును నెమ్మదిగా వదులు చేయండి. బుస్సుమని గాలి వచ్చిందా, దొంగ దొరికినట్టే. ఆయిల్ కూడా చిమ్మవచ్చు, మొహం పక్కకు పెట్టుకోండి. బ్రీదర్ విప్పి కడిగి, నోటితో ఊదితే గాలి అడ్డం లేకుండా పోవాలి. మూసుకున్న బ్రీదర్‌తో నీళ్లలోకి దిగితే ఇంకో ప్రమాదం. వేడి డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లబడి, గాలి దొరక్క సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీలుస్తుంది. ఆయిల్ మజ్జిగ రంగులోకి మారితే జరిగింది అదే, వెంటనే మార్చాలి.

మోతాదుకు మించి ఆయిల్ పోసినా ఇవే లక్షణాలు. బండి ముందూ వెనకా సమానంగా ఉన్నప్పుడే లెవెల్ చూడాలి. వెనక మాత్రమే జాకీ ఎత్తి పోస్తే కొలత తప్పుతుంది. ఎక్కువ బండ్లకు ఫిల్లర్ కన్నం కింది అంచే లెవెల్. పొంగి కారిన ధార సన్నబడి, చుక్కల్లోకి దిగాక ప్లగ్గు వేయాలి. కొన్నిటికి అంచు కన్నా కాస్త కిందే ఆపమని మాన్యువల్‌లో ఉంటుంది.

ప్రశ్న: అల్యూమినియం హౌసింగ్‌లో డ్రెయిన్ కన్నం థ్రెడ్లు ప్లగ్గుతోపాటే ఊడి వచ్చాయి. ఒక సైజు పెద్ద, తనంతట తానే థ్రెడ్డు కోసుకునే ప్లగ్గు వేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ ప్లగ్గు మొదటిసారి నిలబడుతుంది. తీసి పెట్టే ప్రతిసారీ కాస్త కోస్తుంది, పొట్టు లోపలికి పోతుంది, వంకరగా ఎక్కితే వాషర్ ఏనాటికీ సమంగా కూర్చోదు. థ్రెడ్ ఇన్సర్ట్ (పాడైన కన్నంలో కొత్త థ్రెడ్డు ఇచ్చే లోహపు తొడుగు) వేయించండి.

ఇందులో రెండు రకాలున్నాయి. హెలికాయిల్ అంటే స్ప్రింగులా చుట్టిన తీగ. టైమ్‌సర్ట్ లాంటివి లోపలా బయటా థ్రెడ్డు కోసిన నిండు బుష్షులు. మాటిమాటికీ తెరిచే డ్రెయిన్ ప్లగ్గుకు నిండు బుష్షే మా ఎంపిక. ఏది వేసినా లీకు సంగతి ముందే ఆలోచించాలి. హెలికాయిల్ తీగ వెనక ఒక మెలి సందు మిగులుతుంది. అయితే వాషర్ నొక్కే వలయం ఇన్సర్ట్ కన్నా పెద్దదై, అసలు హౌసింగ్ లోహం మీదే కూర్చుంటే ఆ సందుతో పనిలేదు, వాషర్ దాన్ని బయట నుంచే మూసేస్తుంది. అందుకని తీగ పై చివర అంచుకన్నా సగం చుట్టో, ఒక చుట్టో కిందికి దిగేలా చూసుకోండి. తలకు అంచు ఉన్న బుష్షు అయితే వాషర్ ఆ అంచు మీద కూర్చుంటుంది, కాబట్టి బుష్షుకూ హౌసింగ్‌కూ మధ్యే ఆయిల్ దారి వెతుక్కుంటుంది. బుష్షు బయటి థ్రెడ్డుకు ఆనరోబిక్ పూసి, 24 గంటలు ఆగాకే ప్లగ్గు బిగించాలి. బుష్షు వేసే చోటికి, శాశ్వతంగా ఉండాల్సింది కాబట్టి, పైన వద్దన్న గట్టి లాకర్ కూడా వాడుకోవచ్చు.

కోసేటప్పుడు ట్యాప్ (కన్నంలో థ్రెడ్డు కోసే పనిముట్టు) గాళ్లలో గ్రీజు కుక్కండి, పొట్టు దానికే అంటుకుంటుంది. అర చుట్టు కోసి పావు చుట్టు వెనక్కి, మధ్యమధ్య ట్యాప్ బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు పెట్టాలి. ట్యాప్ నిటారుగా దిగడం అన్నిటికన్నా ముఖ్యం. ఒక్క డిగ్రీ వాలినా మెరిసే వలయం ఒక పక్కే వస్తుంది, మీరు మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే వస్తారు. పని అయ్యాక పాత ఆయిల్‌నే జల్లెడ పట్టి, ఫిల్లర్ కన్నం గుండా ఒక లీటరు పోసి, డ్రెయిన్ గుండా వదిలేయండి. లోపల మిగిలిన పొట్టు ఇందులో కొట్టుకొస్తుంది.

ప్రశ్న: విప్పిన డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది. ప్రమాదమా?

జవాబు: వేళ్ల మధ్య రుద్దితే గ్రీజులా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే, తుడిచి వేసేయండి. పొలుసుల్లా గుచ్చుకుంటే బేరింగు పాడవుతోంది. గోరంత ముక్క, దానికి ఒక పక్క నున్నటి ముఖం కనిపిస్తే అది గేరు పన్ను. అప్పుడు కవర్ తెరవకుండా బండి కదపవద్దు.

ప్రశ్న: ప్రయాణంలో ఉండగా ప్లగ్గు కారడం మొదలైంది. బయట నుంచి ఎపాక్సీ ముద్ద అద్దితే ఆగుతుందా?

జవాబు: ఆయిల్ తడి మీద ఎపాక్సీ పట్టదు, పట్టినా గంటల్లో ఊడుతుంది. రోజుకు ఒకటి రెండు చుక్కలైతే ఏమీ అద్దకండి. లెవెల్ చూసుకుంటూ ఇంటికి చేరి, పద్ధతి ప్రకారం విప్పి వేయండి. ధారగా కారుతుంటే ప్లగ్గు వదులైందేమో చేత్తో తిప్పి చూసి, వదులుగా ఉంటే బిగించి, పోయినంత ఆయిల్ పోయండి. చాలావాటికి జీఎల్-5 రకం, 75డబ్ల్యూ-90 లేదా 80డబ్ల్యూ-90 సరిపోతుంది. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి పవర్ అందించే ఏర్పాటు) ఉన్న డిఫరెన్షియల్ అయితే దాని కోసం ప్రత్యేకించిన ఆయిల్ లేదా అడిటివ్ కావాలి, డబ్బా మీద ఎల్ఎస్ అని ఉందో లేదో చూడండి.